పదేళ్ల నుంచి ఒకే ట్రావెల్ ఏజెంట్: దేనికి వెళ్తాను, దేనికి వెళ్లను

ముందే చెప్పేస్తాను. విశాఖ నుంచి హైదరాబాద్‌కి విమానం టికెట్టో, ఆమదాలవలస నుంచి విజయవాడకి రైలు టికెట్టో కావాలంటే ఏజెంట్ దగ్గరకి వెళ్లడం దండగ. ఫోన్‌లో ఐదు నిమిషాల పని. అదే మోకాళ్ల నొప్పుల అమ్మ, షుగర్ ఉన్న నాన్నగారు, ఘాట్ రోడ్డు చూస్తే వాంతులు చేసుకునే పిల్లాడు, నాలుగు రోజులకి మించి సెలవు దొరకని భార్య, వీళ్లందర్నీ వెంటేసుకుని మూడు ఊళ్లు తిరిగి మళ్లీ ఇంటికి చేరాలంటే మాత్రం నేను మా ఊరి ఏజెంట్‌ని వదిలి ఇంకెక్కడికీ వెళ్లను. పదేళ్ల పైమాటే ఆయనతో మా వ్యవహారం. మంచీ చెడూ రెండూ చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఆయన ఆఫీసు శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక సందులో, మందుల షాపు మేడ మీద. రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు, గోడకి అరసవల్లి సూర్యనారాయణమూర్తి క్యాలెండరు, అంతే. హైదరాబాద్ స్లీపర్ బస్సుల కౌంటరూ కాదు, ఇన్నోవాలు అద్దెకిచ్చే చోటూ కాదు. కుటుంబాలకి టూర్లు కుదిర్చి పెట్టడమే ఆయన పని. పేరు రాయను, రాస్తే ప్రకటన అంటారు.

మొదటిసారి వెళ్లింది మైసూరు, ఊటీ టూర్ కోసం. "ఎంతవుతాదండీ" అని అడిగితే ఆయన రేటు చెప్పకుండా నన్నే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. అమ్మగారికి ఏ మోకాలు, మెట్లు ఎక్కగలరా, నాన్నగారు పొద్దున్న ఎన్నింటికి తింటారు, ఇన్సులినా మాత్రలా, ఇన్సులిన్ అయితే గదిలో ఫ్రిజ్ ఉండాలి కదా, బాబు కారులో ముందు కూర్చుంటాడా వెనకా, ఇంట్లో ఉల్లి వెల్లుల్లి ఏ వారం తినరు. డాక్టర్ దగ్గరకి కూడా ఇన్ని వివరాలు పట్టుకుని వెళ్లలేదు మేం. ఇవన్నీ ఒక పాత లాంగ్ నోట్‌బుక్కులో రాసుకున్నారు, ఇంటికో పేజీ. బల్ల అవతల నుంచి తలకిందులుగా చదివాను: "అమ్మగారు, ఎడమ మోకాలు, వెస్ట్రన్, లిఫ్ట్. నాన్నగారు, 8 లోపు టిఫిన్, ఫ్రిజ్. బాబు, ముందు సీటు. శనివారం ఉల్లి లేదు."

ఆ టూర్‌లో తెలిసిన విషయం ఒకటి. మైసూరు నుంచి ఊటీకి మసినగుడి మీదుగా వెళ్తే దూరం తక్కువ, మ్యాప్ ఆ దారే చూపిస్తుంది. అది కల్హట్టి ఘాట్, 36 హెయిర్‌పిన్ మలుపులు. ఆయన మాత్రం డ్రైవర్‌కి ముందే చెప్పి గూడలూరు మీదుగా తిప్పించారు. దూరం ఎక్కువే కానీ మా వాడు ఒక్కసారి కూడా కవర్ అడగలేదు. ఇంకోటి, బండీపుర అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లు వదలరు. మా ఆవిడ మైసూరు ప్యాలెస్ దీపాలు చూసుకుని రాత్రికి బయల్దేరదాం అంది. అదే జరిగుంటే గేటు దగ్గర ముసలివాళ్లతో తెల్లవార్లూ కూర్చోవాల్సి వచ్చేది. ఇవేవీ రహస్యాలు కావు, వెతికితే దొరుకుతాయి. కానీ వెతకాలని తట్టాలి కదా.

కాశీ గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే మన జిల్లాల్లో పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. 2025 జనవరిలో అమ్మ కుంభమేళాకి వెళ్లాల్సిందేనని పట్టుబట్టింది. వీధిలో సగం మంది వెళ్తున్నారు, మరి ఊరుకుంటుందా. ఏజెంట్ దగ్గరకి వెళ్తే ఆయన ఖరాఖండీగా "వద్దు మాస్టారూ, ఈ మోకాళ్లతో ఆ జనంలోకి నేను పంపను, ఫిబ్రవరి 26 శివరాత్రితో అయిపోతాది, ఆ తర్వాత రండి" అన్నారు. చేతికొచ్చిన బేరం వదులుకుంటున్నాడేంటి అనిపించింది, ఇంట్లో రెండు రోజులు మా మీద కోపాలు కూడా నడిచాయి. మౌని అమావాస్య రోజు, అంటే జనవరి 29న, ప్రయాగలో తొక్కిసలాట జరిగింది. టీవీలో అది చూశాక అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

హోలీ అయ్యాక, ఉగాదికి ముందు వెళ్లాం. యాప్‌లో నేను ఒక హోటల్ చూసి పెట్టుకున్నాను, గది కిటికీలోంచి గంగ, రేటింగ్ బ్రహ్మాండం. ఆయన ఫొటో చూసి "గంగ కనిపిస్తాది, అబద్ధం లేదు. గొదౌలియా దాటాక కారు వెళ్లదు, సందుల్లో నడక, పైన మూడు అంతస్తుల మెట్లు, లిఫ్ట్ ఉండదు. అమ్మగారిని ఎవరు మోస్తారు?" అన్నారు. రైల్వే స్టేషన్ అవతల కంటోన్మెంట్ వైపు లిఫ్ట్ ఉన్న హోటల్ ఇచ్చారు. చూడ్డానికి ఏమీ లేదు, ఎదురుగా రోడ్డు. కానీ కారు గుమ్మం దాకా వచ్చేది, అమ్మ పొద్దున్న స్నానం చేసి చీర కట్టుకుని తనంతట తనే కిందకి దిగేది. సాయంత్రం హారతికి ఇంకో ఉపాయం చేశారు. దశాశ్వమేధ ఘాట్ మెట్లు దిగనవసరం లేకుండా నమో ఘాట్ దగ్గర పడవ ఎక్కించారు. అక్కడి దాకా బండి వెళ్తుంది, ర్యాంపు ఉంది. పడవలో కూర్చునే మణికర్ణిక దాటుకుంటూ వెళ్లి హారతి చూసి అదే పడవలో వెనక్కి వచ్చాం. మా పక్క పడవలో ఒక కుటుంబం వాళ్ల నాన్నగారిని ఇద్దరు పట్టుకుని దించుతుంటే అమ్మ నా వైపు చూసి "మనోడు తెలివైనోడే" అంది. ఆ సర్టిఫికెట్ అమ్మ దగ్గర అంత తేలిగ్గా రాదు.

ఏజెంట్ అసలు విలువ తెలిసింది మాత్రం మొంథా తుఫాను అప్పుడు. దీపావళి అయ్యాక రాజస్థాన్ వెళ్లాం, తిరుగు ప్రయాణం 2025 అక్టోబర్ 28న జైపూర్ నుంచి హైదరాబాద్ మీదుగా విశాఖకి. అంతకు ముందు రోజు మధ్యాహ్నం మేం ఆమేర్ కోటలో ఉండగా ఆయన ఫోన్ చేశారు. "రేపు సాయంత్రానికి తుఫాను తీరం దాటుతాదంటున్నారు, విశాఖ విమానాలు ఎగరవు, రైళ్లు కూడా ఆపేస్తారు. మీరు హైదరాబాద్ దాకా వచ్చి ఆగిపోండి, గది నేను చూస్తాను." అప్పటికి మా ఫోన్లకి ఎయిర్‌లైన్ నుంచి ఒక్క మెసేజ్ కూడా రాలేదు, యాప్‌లో విమానం టైముకే అని చూపిస్తోంది. ఆయన మాట విని హైదరాబాద్‌లో దిగేసరికి శంషాబాద్‌లో మా రెండో విమానం రద్దు. కౌంటర్ ముందు పెద్ద లైను, జనం ఫోన్లు చెవులకి పెట్టుకుని కస్టమర్ కేర్ వాళ్ల సంగీతం వింటున్నారు. అక్కడే ఇచ్ఛాపురం వాళ్లు ఒకరు కలిశారు, ఏదో వెబ్‌సైట్‌లో కొన్నారట, వెబ్‌సైట్ వాళ్లని అడిగితే ఎయిర్‌లైన్‌ని అడగమంటారు, ఎయిర్‌లైన్ వాళ్లు వెబ్‌సైట్‌ని అడగమంటారు. మేం మాత్రం ఆయన చెప్పిన గదికి వెళ్లి నాన్నగారికి టైముకి ఇన్సులిన్ ఇచ్చి పడుకున్నాం. తుఫాను తగ్గాక విమానం ఆయనే మార్చి పంపారు, మేం ఎవరితోనూ మాట్లాడాల్సిన పని పడలేదు. గది డబ్బులు మావే లెండి. వాతావరణం వల్ల రద్దయితే పరిహారం ఉండదు, వేరే విమానమో రీఫండో ఏదో ఒకటే ఇస్తారు.

ఇక్కడే ఒక చెడ్డ సంగతి కూడా చెప్పాలి. ఆ టూర్‌లోనే జైపూర్ నుంచి అజ్మీర్ వెళ్లి రావాల్సిన కారు మేం వద్దనుకుంటే, ఆ డబ్బులు వెనక్కి రావడానికి నానా యాతన పడ్డాను. ఏజెంట్ ద్వారా కొన్నది ఏదైనా డబ్బు ముందు ఆయన దగ్గరకే వస్తుంది, ఆ తర్వాతే మనకి. ఆయన మోసం చేసే మనిషి కాదు, కానీ గుర్తు చేస్తే తప్ప కదలరు. పండగ సీజన్లో అయితే ఫోన్ ఎత్తడమే గగనం. పైగా ఏదీ రాసి పంపరు, అంతా వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లే. ఎన్ని గంటలకి బయల్దేరాలో తెలుసుకోవాలంటే ఆయన దగ్గు, వెనక స్కూటర్ హారన్లతో సహా మొత్తం వినాలి.

ఇంకో ఫిర్యాదు. డ్రైవర్ల మీద ఆయనకి పట్టు లేదు. జైపూర్‌లో "గవర్నమెంట్ షాప్ సార్, చూడ్డానికే" అంటూ చీరల దుకాణానికీ రంగురాళ్ల దుకాణానికీ తీసుకెళ్లిపోయాడు డ్రైవర్. పూట గడిచిపోయింది, మా ఆవిడ ఒక దుప్పటి కూడా కొనింది. అక్కడ డ్రైవర్‌కి కమీషన్ ముడుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఏజెంట్‌ని అడిగితే నవ్వేశారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

డబ్బు లెక్క అందరూ అడుగుతారు కాబట్టి చెప్తాను. హోటళ్ల దగ్గర ఆయనకి తక్కువ ధరకి గదులు దొరుకుతాయి, ఆ తేడాలో కొంత ఆయన ఉంచుకుంటారు. నేను ప్రతిసారీ యాప్‌లో రేటు పోల్చి చూస్తాను. కొన్నిచోట్ల ఆయనదే తక్కువ, కొన్నిచోట్ల రాత్రికి నాలుగైదు వందలు ఎక్కువ. ఎక్కువైన చోట ముఖం మీదే అడుగుతాను, ఒక్కోసారి తగ్గిస్తారు, ఒక్కోసారి "అక్కడ పొద్దున్నే ఇడ్లీ పెడతారు మాస్టారూ, నాన్నగారి కోసం" అంటారు, నేను నోరు మూసుకుంటాను. ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ వేస్తారు, బిల్లు ఇస్తారు.

రైలు టికెట్ల సంగతికొస్తే ఆయనకి ఇవ్వడంలో లాభం లేదు. అధీకృత ఏజెంట్ అయినా నాన్ ఏసీకి 20 రూపాయలు, ఏసీకి 40 రూపాయలు సర్వీస్ చార్జీ, దాని మీద పన్ను, అంతవరకే తీసుకోవాలి. కాబట్టి ఆయనకీ దాని మీద మోజు లేదు. 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, అంతకు ముందు 120 రోజులు ఉండేది. ఇక తత్కాల్ అంటారా, 2025 జూలై నుంచి మొదటి అరగంట ఏజెంట్లు బుక్ చేయడానికే లేదు, ఏసీకి పది నుంచి పదిన్నర, స్లీపర్‌కి పదకొండు నుంచి పదకొండున్నర. ఆ అరగంటలోనే అన్నీ అయిపోతాయి. ఆధార్ అనుసంధానం చేసుకున్న మీ సొంత ఐడీతో మీరు కూర్చోవడమే దారి. తత్కాల్ గ్యారంటీగా తీయిస్తానని ఎవరైనా చెప్తే నమ్మకండి, పర్సనల్ ఐడీలతో టికెట్లు కొని అమ్మడం రైల్వే చట్టం ప్రకారం నేరం, పట్టుబడితే ఇరుక్కునేది టికెట్ పట్టుకుని రైలెక్కిన మనం కూడా.

విదేశం ఒక్కసారే వెళ్లాం, సింగపూర్. విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది కదా అని. ఆ వీసా మనంతట మనం నేరుగా పెట్టుకునేది కాదు, అక్కడ మన తరఫున పెట్టేవాళ్లు లేకపోతే అధీకృత వీసా ఏజెంట్ ద్వారానే వెళ్లాలి, కాబట్టి అక్కడ ఏజెంట్ ఎటూ తప్పదు. అక్కడ దిగేవాళ్లు తమ వివరాలు నింపి ఇచ్చే ఎరైవల్ కార్డు మాత్రం వాళ్ల ప్రభుత్వ సైట్‌లో ఉచితం, ప్రయాణానికి మూడు రోజుల ముందు నింపుకోవచ్చు. దానికి డబ్బులు గుంజే దొంగ సైట్లు ఉన్నాయని ఈయనే హెచ్చరించి, మా అబ్బాయి చేత నింపించారు. ప్యాకేజీ మీద టీసీఎస్ అని, అంటే అమ్మేవాళ్లే మన దగ్గర ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను, 5 శాతం అదనంగా పట్టుకున్నారు. అది పోయే డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో చూపిస్తే పన్నులో సర్దుబాటు అయింది. 2026 బడ్జెట్‌లో దాన్ని 2 శాతానికి తగ్గించారు.

కుర్రాళ్ల టూర్లకి ఆయన పనికిరారు. మా అబ్బాయి ఇప్పుడు ఇంటర్, వాడికి ట్రెక్కింగ్ కావాలి, పల్లెటూరి ఇంట్లో ఉండే హోమ్‌స్టే కావాలి. ఆయన దృష్టిలో టూర్ అంటే ఒక గుడి, ఒక వ్యూ పాయింట్, ఒక బోటింగ్, రాత్రికి హోటల్లో వేడి భోజనం. నోట్‌బుక్కులో మా వాడి పేరు పక్కన ఇంకా "ముందు సీటు" అనే ఉంది. అరకు, లంబసింగి లాంటి వాటికి కూడా ఆయన అక్కర్లేదు, బండి తీసి వెళ్లిపోవడమే.

ఇప్పుడు నాన్నగారు కేదార్‌నాథ్ అంటున్నారు. గౌరీకుండ్ నుంచి నడక 16 కిలోమీటర్ల పైనే, గుడి ఉన్నది మూడున్నర వేల మీటర్ల ఎత్తులో. హెలికాప్టర్ టికెట్లు ఐఆర్‌సీటీసీ హెలియాత్ర సైట్‌లోనే అమ్ముతారు, దానికన్నా ముందు చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. విశాఖలో ఒక పెద్ద టూర్ సంస్థ వాళ్లు "హెలికాప్టర్ మేం చూసుకుంటాం, అడ్వాన్స్ కట్టండి" అన్నారు. మా ఏజెంట్ మాత్రం ముందు నాన్నగారికి గుండె డాక్టర్ దగ్గర చూపించి ఆ కాగితం తెమ్మన్నారు, అది చూశాకే మాట్లాడదాం అన్నారు. కాగితం ఇంకా రాలేదు.

మీ ఊళ్లో ఇలాంటి ఏజెంట్ కోసం వెతుకుతుంటే, వెళ్లగానే ఆయన రేటు చెప్తున్నారా, మీ ఇంట్లోవాళ్ల గురించి అడుగుతున్నారా గమనించండి. డబ్బు సంస్థ ఖాతాకే పంపండి, బిల్లు తీసుకోండి, దేన్ని రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుందో కాగితం మీద రాయించుకోండి. హోటల్ బుకింగ్ నంబర్ అడిగి, బయల్దేరే ముందు హోటల్‌కి మీరే ఒక ఫోన్ కొట్టి గది ఉందో లేదో కనుక్కోండి. నేను ఇప్పటికీ కొడతాను. ఆయనకి తెలుసు, ఏమీ అనుకోరు.