"మైనరే తమ్ముడూ" అనే అన్న దగ్గర బండి కొనకండి

యూకేలో సెకండ్ హ్యాండ్ కారు వెతుకుతున్న మనవాళ్లందరికీ, ముఖ్యంగా ఈ మధ్యే వచ్చినవాళ్లకి. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. మన గ్రూపులో వారానికో బండి ఫోటో పెట్టి "మన తెలుగువాళ్లకే ఇస్తాను, బయటవాళ్లకి ఇవ్వను" అంటాడే, ఆ అన్నే.

సోది లేకుండా చెప్తా. 2012 పెట్రోల్ బండి, 2,400 పౌండ్లు. ఎంఓటీ (బండి రోడ్డుమీద తిరగడానికి పనికొస్తుందో లేదో ఏటా చేసే పరీక్ష) మొన్ననే పాసైంది, ఏడాది దాకా బెంగ లేదన్నాడు. స్క్రీన్‌షాట్ పంపాడు, పైన పెద్దక్షరాల్లో పాస్. కింద ఏవో లైన్లు కనపడితే అడిగాను కూడా. "అవన్నీ మైనరే తమ్ముడూ. ఇక్కడ చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు, తుప్పు లేని బండి ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు. వదినగారు వేడివేడిగా పకోడీ పెట్టారు. ఆ పకోడీ ఖరీదెంతో తర్వాత తెలిసింది.

ఆ లైన్లు ఇవి. వెనక సబ్‌ఫ్రేమ్‌కి (బండి కింద వెనక చక్రాల భాగాల్ని మోసే ఇనుప చట్రం) తుప్పు, కానీ బలం మరీ తగ్గలేదు. వెనక బ్రేకు పైపులకి తుప్పు, పైన గ్రీజు పూసి ఉంది. ముందు టైరు ఒకటి లిమిట్‌కి దగ్గరపడింది. టైరుతో నాకు గొడవ లేదు. టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని చట్టంలో లెక్క ఉంది, అరిగితే మార్చుకుంటాం. నన్ను ముందు మోసం చేసింది ఆ గ్రీజు. ఎంఓటీ చేసే మనిషి ఏ పార్టూ విప్పడు, విప్పకూడదు కూడా. కంటికి కనపడిందే రాస్తాడు. గ్రీజు కింద ఏముందో నాకు కనపడలేదని మర్యాదగా రాసి చేతులు దులుపుకున్నాడన్నమాట. నేనేమో గ్రీజు పూశారంటే బండిని బాగా చూసుకున్నారనుకున్నా. ఎంటెక్ చదివిన బుర్ర మరి.

అసలు మైనర్ అనేది ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకునే మాట కాదు. 2018 మే 20 నుంచి ఎంఓటీలో లోపాల్ని డేంజరస్, మేజర్, మైనర్ అని విడగొట్టి రాస్తున్నారు. మొదటి రెండిట్లో ఏది పడినా ఫెయిల్. మైనర్ పడితే పాసే గానీ, త్వరగా బాగుచేయించుకోవాలి. ఇవి కాక అడ్వైజరీ అని వేరే ఉంటుంది. ఇప్పటికి లోపం కాదు, అటువైపే పోతోంది, కన్నేసి ఉంచమని. నంబర్ ప్లేటు దగ్గర రెండు బల్బుల్లో ఒకటి వెలగకపోతే మైనర్. బాల్ జాయింట్ (చక్రం అటూ ఇటూ కదిలేలా పట్టుకునే కీలు) మీద రబ్బరు బూటు బాగా పాడైతే మైనర్, అది దుమ్మును ఆపలేని స్థితికొస్తే మేజర్. నా బండికున్నవన్నీ అడ్వైజరీలు. వినడానికి మైనర్ కన్నా చిన్నది. కానీ బల్బుకయ్యేది చిల్లర, తుప్పుకి పట్టే డబ్బు వేరు.

వెనక నుంచి చప్పుడొస్తోందని గ్యారేజీకి తీసుకెళ్తే, లిఫ్ట్ ఎక్కించి స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. సబ్‌ఫ్రేమ్ అప్పడంలా విరిగింది. బ్రేకు పైపులతో, కూలితో కలిపి 1,300 అన్నాడు. "ఇందులో పిల్లల్ని మాత్రం ఎక్కించకు" అని కూడా అన్నాడు. ఆ రాత్రి గవర్నమెంట్ సైట్లో బండి నంబర్ కొట్టి పాత ఎంఓటీలు చూస్తే, అదే సబ్‌ఫ్రేమ్ తుప్పు ఏటా రాస్తూనే ఉన్నారు, ఏటా ఎవడూ ముట్టుకోలేదు. నాకొచ్చిన స్క్రీన్‌షాట్‌లో మాత్రం ఈ ఏడాదిదే ఉంది.

ఫోన్ చేశా. మొత్తం అడగలేదు, "సగం భరించండి అన్నా" అన్నాను అంతే. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత "చూడండి" అన్నాడు. అప్పటిదాకా తమ్ముడూ, రా, పో. ఇప్పుడు మీరు! "రిపోర్ట్ మీకు పంపానా లేదా? దాచానా? పాస్ అని ఉందా లేదా? చదువుకున్నవాళ్లేగా." నా నోట మాట రాలేదు. "నేనేమన్నా డీలర్నా? ప్రైవేట్ సేల్ అండీ ఇది. 2,400కి బెంజ్ వస్తదా?" వెనకనుంచి వదినగారు "పెట్టేయండి, అన్నం చల్లారిపోతోంది" అంటున్నారు. పెట్టేశాడు. సాయంత్రానికల్లా నన్ను గ్రూపులోంచి తీసేశారు. అడ్మిన్ ఎవరో చెప్పాలా?

ప్రైవేట్ సేలట! లాగ్‌బుక్‌లో (బండి రిజిస్ట్రేషన్ కాగితం) ఆయన పేరే లేదు, ఇంటిముందు ఇంకో రెండు బండ్లు. ఆ మాట ఎందుకన్నాడో తర్వాత అర్థమైంది. డీలర్ అయితే 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ కింద, అమ్మేనాటికే లోపం ఉన్న బండిని 30 రోజుల్లో తిప్పిచ్చి డబ్బు మొత్తం అడగొచ్చు. "సోల్డ్ యాజ్ సీన్" (ఉన్నది ఉన్నట్టే అమ్మాం) అని రాసుకున్నా చెల్లదు. అయితే ముందే మనకి చెప్పిన లోపానికి ఆ హక్కు వర్తించదు. అందుకే స్క్రీన్‌షాట్ పంపి పెట్టుకున్నాడు. నాకోసం కాదు, రేపు తన చేతిలో సాక్ష్యానికి. వ్యాపారం చేస్తూ ప్రైవేట్ అని చెప్పుకోవడం మాత్రం ఇక్కడ చట్టవిరుద్ధం. ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ వాళ్లకి చెప్పాను, వ్యాపార మోసాలు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కి పంపుతామన్నారు. చూద్దాం.

కొనేవాళ్లకి ఒక్కమాట. స్క్రీన్‌షాట్లు చూడకండి, బండి నంబర్ అడిగి ఆ గవర్నమెంట్ సైట్లో మీరే చూసుకోండి. పైసా ఖర్చు లేదు, పాత ఏళ్లవీ, మైలేజీ కూడా అక్కడే ఉంటాయి. ఒకే లైను ఏటా కనపడితే వదిలేయండి. పోయినేడు ఉన్న లైను ఈ ఏడు మాయమైతే రిపేరు బిల్లు అడగండి. కింద కొత్తగా గ్రీజో, నల్లరంగో పూసి ఉంటే డబ్బులిచ్చైనా లిఫ్ట్ ఎక్కించండి. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఎలా ఉన్నాయో ఎంఓటీలో చూడనే చూడరు. ఇంకోటి, రోడ్డు ట్యాక్స్ బండితోపాటు రాదు, మీ పేరుమీద మళ్లీ కట్టుకోవాలి. అదీ చెప్పలేదు మహానుభావుడు.