క్లిక్ 3లో ఏ ఫిల్మ్ వేద్దాం: ఫోమాపాన్ 100నా, హెచ్‌పీ5నా?

తాతగారి పాత ఫిల్మ్ కెమెరా ఆగ్ఫా క్లిక్ 3ని బీరువా మీంచి దించగానే వచ్చిన మొదటి ప్రశ్న ఇదే. 120 సైజు ఫిల్మ్ రోలు వేస్తే 12 ఫొటోలు. చెక్ దేశంలో తయారయ్యే ఫోమాపాన్ 100 చవక, దాని వేగం, అంటే వెలుతురుని పట్టే చురుకు, 100. ఇల్‌ఫర్డ్ వాళ్ళ హెచ్‌పీ5 ప్లస్ ఖరీదెక్కువ, దాని వేగం 400.

మా బరంపురం ఎండకి నా ఓటు ఫోమాకే. ఈ డబ్బా కెమెరాలో షట్టర్ వేగం ఒక్కటే, సెకనులో యాభయ్యో వంతుకి అటూఇటూ. గోపాలపూర్ ఇసుకలో మిట్టమధ్యాహ్నం, లెన్సు రంధ్రం ఎఫ్11 దగ్గర ఉంటే, 100 ఫిల్మ్‌కే రెండు స్టాపుల వెలుతురు ఎక్కువ (ఒక్కో స్టాపుకీ వెలుతురు రెట్టింపు). 400 వేస్తే నాలుగు స్టాపులు, నెగటివ్ బొగ్గే! మబ్బురోజు, అరుగు నీడ అంటారా, అప్పుడు హెచ్‌పీ5 తప్పదు.

కడిగేటప్పుడు మాత్రం ఫోమా పేచీకోరు. రోడినాల్ అనే డెవలపర్ మందు 1+50లో (ఒక పాలు మందుకి యాభై పాళ్ళ నీళ్ళు), 20 డిగ్రీల దగ్గర, దానికి 8–9 నిమిషాలు, హెచ్‌పీ5కి 11. మే నెలలో కుళాయి తిప్పితే కాగిన నీళ్ళే. ఐసుముక్కల సంచి బకెట్లో వేసి, థర్మామీటరు చూస్తూ కూర్చోవాలి. తడిసిన ఫోమా పొర మహా మెత్తన. ఓసారి వేళ్ళతో నీళ్ళు తుడిచాను, మా పిన్ని ముఖం మీద నిలువునా గీత పడింది. ఇప్పుడు ముట్టుకోను, క్లిప్పు పెట్టి వేలాడదీస్తానంతే. మొదటి కడుగులో ఆకుపచ్చ నీళ్ళొస్తే కంగారు పడొద్దు, అది ఫిల్మ్‌కున్న రంగు పూత.

రెండిట్లో ఏది వేసినా కెమెరా వెనక ఫొటో నంబరు కనిపించే ఎర్ర కిటికీకి నల్ల టేపు అంటించండి. ఇప్పటి ఫిల్ములకి ఎర్ర వెలుతురు కూడా తగులుతుంది. నంబరు చూడాలంటే నీడలోకెళ్ళి టేపు తీయండి.