శ్రీశైలం ఘాట్‌కి పాత ఎంజీబీయా, కొత్త స్లావియానా?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాదాపు 215 కిలోమీటర్లు. దారిలో నల్లమల అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. 1960ల నాటి ఎంజీబీలో, అంటే టాప్ తీసేయగల ఆ బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో, వెళ్లేవాళ్లు చీకట్లోనే తుక్కుగూడ దాటి, గేటు తీసే వేళకి అక్కడుండాలి. ఎండ ముదరకముందే ఘాట్ అయిపోవాలి. స్కోడా వాళ్ల సెడాన్ స్లావియా 1.5 అయితే మధ్యాహ్నం భోంచేసి బయల్దేరినా సరే.

కాగితం మీద పోటీయే లేదు: 1798 సీసీ ఎంజీబీది 95 హార్స్‌పవర్, స్లావియాది 150. ఆమనగల్లు, డిండి దాకా ఓవర్‌టేకులన్నీ స్లావియావే. అడవిలో మాత్రం స్పీడు ఎలాగూ తగ్గించాలి. పొద్దుటి చలిగాలికి ఎంజీబీ టాప్ తీసి, మూడో గేర్‌లో యాభై మీద వెళ్తుంటే ఉండే హాయి ఏ సన్‌రూఫూ ఇవ్వదు.

అసలు పరీక్ష దోమలపెంట దగ్గర డ్యామ్‌కి దిగేటప్పుడు. రెండు కార్లకీ ముందు డిస్క్‌లు, వెనక డ్రమ్ములే. కాకపోతే స్లావియాకి ఏబీఎస్, కారు జారకుండా అదుపు చేసే ఈఎస్‌సీ ఉన్నాయి. తొలి ఎంజీబీలకి బ్రేకు పెడల్‌కి బలమిచ్చే సర్వో కూడా లేదు, పైగా బ్రేకులన్నిటికీ ఒకటే ఆయిల్ లైను (సింగిల్ సర్క్యూట్). ఒక్కచోట లీకైతే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. బయల్దేరే ముందే డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తది పోయించి, బ్రేకు హోస్‌లు చూపించండి. దిగేటప్పుడు ఓవర్‌డ్రైవ్ (హైవే కోసం ఉండే అదనపు గేరు) ఆపి రెండో గేర్‌లోనే రండి.

డ్యామ్ దాటి సుండిపెంట ఎక్కేటప్పుడు వేడి మొదలవుతుంది. ఎంజీబీలో గాలి, పెట్రోల్ కలిపే కార్బురేటర్లు వేడి పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి పైనే ఉంటాయి. ఎక్కగానే ఇంజిన్ ఆపేస్తే వాటి ఫ్లోట్ బౌల్ అనే గిన్నెలో పెట్రోల్ మరిగి, మళ్లీ స్టార్ట్ కాదు. రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపి, బానెట్ ఎత్తిపెట్టండి. టెంపరేచర్ ముల్లు పైకెళ్తుంటే హీటర్ ఫుల్‌గా పెట్టండి, అది రెండో రేడియేటర్‌లా పనిచేస్తుంది. చెమటలు పడతాయి, ఇంజిన్ మాత్రం దక్కుతుంది. కీ తిప్పినప్పుడు పెట్రోల్ పంపు టిక్ టిక్ మని ఆగాలి. ఆగకుండా కొట్టుకుంటుంటే ట్యాంకు ఖాళీ, లేదా ఎక్కడో గాలి పీలుస్తోంది. అసలు చప్పుడే లేకపోతే ముందు కరెంటు అందుతోందో చూడాలి. అందుతుంటే పంపులోని కాంటాక్ట్ పాయింట్లు అతుక్కున్నట్టే, వెనక కుడి చక్రం ముందున్న పంపుని మెల్లగా తట్టాలి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఎంజీబీ పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి కారతాయి, ఇథనాల్‌ని తట్టుకునే విటాన్ పైపులు వేయించాల్సిందే. మిక్స్చర్‌లో పెట్రోల్ పాలు కూడా పలచబడుతుంది కాబట్టి రెండు ఎస్‌యూ కార్బురేటర్ల కింద ఉండే ఆరు పలకల జెట్ నట్‌లనీ ఒక్కో పలక కిందికి తిప్పించండి.

బసకి ఏపీ టూరిజం వాళ్ల హరిత హోటల్, దేవస్థానం గదులు ఉన్నాయి. శని, ఆదివారాలు, కార్తీక సోమవారాల్లో ముందే బుక్ చేయకపోతే కష్టం. ఎంజీబీకి గది కంటే పార్కింగ్ ముఖ్యం, ఎందుకంటే అక్కడి కోతులు గుడ్డ టాప్‌ని చింపేయగలవు. లోపల తినేవేవీ ఉంచకండి, కప్పున్న చోటు అడగండి.

స్లావియా ట్యూబ్‌లెస్ టైరుకి పంక్చర్ దారిలో ఎక్కడైనా వేస్తారు. వైర్ వీల్స్ ఉన్న ఎంజీబీకి ట్యూబు, చక్రం విప్పడానికి రాగి సుత్తి మనమే మోసుకెళ్లాలి. చక్రం మధ్యలో ఉండే ఆ ఒక్క పెద్ద నట్టుకి (స్పిన్నర్) మామూలు వీల్ స్పానర్ పట్టదు. అడవిలో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు, ఫ్లాట్‌బెడ్ లారీ వాళ్ల నంబరు బయల్దేరే ముందే కాగితం మీద రాసుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లు దర్శనానికి వస్తుంటే స్లావియానే తీయండి. ఇద్దరే వెళ్తూ, చలికాలమై, తిరుగు ప్రయాణానికి మర్నాటి పొద్దుటిదాకా ఆగే వీలుంటే ఎంజీబీ.