ఇంగ్లిష్ జాతీయాల పుస్తకం: బిట్లకు పనికొస్తుంది, ఉత్తరానికి చాలదు

స్టాఫ్ సెలెక్షన్ కమిషన్, బ్యాంకు పరీక్షలకు చదువుకునేవారి కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ దుకాణాల్లో అమ్మే ఇంగ్లిష్ జాతీయాల సంకలనాల్లో ఒకదాన్ని మా అమ్మాయి కోసం కొన్నాను. ఎడమవైపు ఇంగ్లిష్ జాతీయం, కుడివైపు తెలుగు అర్థం, అక్కడక్కడ గళ్లు కట్టి పుట్టుక కథలు, చివర సాధన బిట్లు ఉన్నాయి. ఇక్కడ చెప్పబోయే లోపాలు ఈ తరహా పుస్తకాలు చాలావాటిలో ఉండేవే కనుక ప్రచురణకర్త పేరు రాయడం లేదు.

ముందుగా మెచ్చుకోవలసిన విషయం చెప్పాలి. ఈ సంకలనకర్తకు తెలుగు బాగా వచ్చు. ‘టేక్ టు వన్స్ హీల్స్’ ఎదురుగా ‘కాలికి బుద్ధి చెప్పడం’ అనీ, ‘టర్న్ ఎ డెఫ్ ఇయర్’ ఎదురుగా ‘పెడచెవిన పెట్టడం’ అనీ, ‘ఎ హార్డ్ నట్ టు క్రాక్’ ఎదురుగా ‘కొరకరాని కొయ్య’ అనీ ఇచ్చారు. ‘నాట్ ఎ బెడ్ ఆఫ్ రోజెస్’ అన్నదాన్ని గులాబీల పాన్పుగా మార్చకుండా ‘వడ్డించిన విస్తరి కాదు’ అనడం చూసి నాకు ముచ్చటేసింది. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’కు ‘అమావాస్యకో పున్నానికో’ అన్నారు; ఒకే ఇంగ్లిష్ నెలలో రెండో పున్నమి పడాలంటే సగటున రెండున్నరేళ్లకు పైగా పడుతుంది కనుక మన మాట కాస్త ఉదారంగా ఉందనిపించినా, వాడుకలో రెండింటి ఉద్దేశమూ ‘ఎప్పుడో గానీ’ అనే. ఇలా చదివినది ఇట్టే మనసులో నిలుస్తుంది. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ డిగ్రీ చదివినవారికి పెట్టే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ మొదటి దశ పరీక్షలో తప్పు జవాబుకు అర మార్కు కోత పడుతుంది కనుక, ఊహించి గుర్తుపెట్టే అలవాటును తగ్గించే ఈ పద్ధతి అభ్యర్థికి నిజంగా మేలు చేస్తుంది.

చిక్కంతా ఏ జాతీయాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఒక్క ముక్కయినా చెప్పకపోవడంలో ఉంది. ‘కిక్ ది బకెట్’ ఎదురుగా ‘మరణించుట’ అని గంభీరంగా అచ్చువేసి ఊరుకున్నారు. అది వేళాకోళపు మాట అన్న సూచన లేదు. తెలుగులో మనం ‘బాల్చీ తన్నేశాడు’ అని రోజూ అంటూనే ఉన్నాం. ఆ మాటే అక్కడ వేసి ఉంటే, సంతాప లేఖలో దాన్ని రాయకూడదని ఏ విద్యార్థికైనా వివరణ అక్కర్లేకుండానే తెలిసేది. ఇక ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ విషయంలో అర్థమే దారి తప్పింది. ఎదుగుతున్నవాణ్ణి కాళ్లు పట్టి కిందికి లాగడం అని ఇచ్చారు. మన ఆఫీసుల్లో ఆ అర్థం చెలామణీలో ఉన్నమాట నిజమే గానీ, ఇంగ్లిష్‌లో అసలు అర్థం సరదాగా ఆటపట్టించడం. తోటి ఉద్యోగుల మీద ఫిర్యాదు చేస్తూ ఈ జాతీయాన్ని రాస్తే, లండన్‌లోని పై అధికారి వాళ్లంతా కలివిడిగా ఉన్నారనుకుని సంతోషించే ప్రమాదం ఉంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ సంస్థలు విద్యార్థుల కోసం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచిన నిఘంటువులలో ఇది ముచ్చట్లలో వాడేదా, హాస్యానికి వాడేదా, పాతబడిందా అన్న గుర్తులూ ఉదాహరణ వాక్యాలూ ఉంటాయి. ఉత్తరమో వ్యాసమో రాయవలసిన పరీక్షకు వెళ్లేవారు ఈ పుస్తకంలో చూసిన ప్రతి జాతీయాన్నీ అక్కడ సరిచూసుకోవడం తప్పనిసరి.

పుట్టుక కథలు వేయకుండా ఉంటే బాగుండేది. కుండపోత వానను చెప్పే ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ కింద, పూర్వం ఇంగ్లండులో గడ్డి కప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి కింద పడేవన్న కథ ఉంది. 1999లో ఈమెయిళ్ల ద్వారా ఊరూరా తిరిగిన కట్టుకథ అది. ‘గలివర్స్ ట్రావెల్స్’ రచయిత జోనాథన్ స్విఫ్ట్ 1738లో వేసిన సంభాషణల పుస్తకంలో ఈ మాట కనిపిస్తుంది గానీ, కప్పుల ముచ్చటకు ఆధారం లేదు. ఆఫీసుల్లో పనిని సాగదీసే నియమాల తంతును చెప్పే ‘రెడ్ టేప్’ కథ మాత్రం సరిగ్గా ఉంది: ప్రభుత్వ కాగితాలను ఎర్ర నాడాతో కట్టే అలవాటు నుంచే అది వచ్చింది.

వరుస మరీ విసిగించింది. జాతీయాలను మొదటి మాటను బట్టి అకారాది క్రమంలో పేర్చారు కనుక, ‘టు’తో మొదలయ్యేవన్నీ టి అక్షరం కింద పేజీల కొద్దీ పోగుపడ్డాయి. ‘బెల్ ది క్యాట్’ కావాలంటే బి దగ్గరా సి దగ్గరా వెతికి, చివరికి ‘టు బెల్’ దగ్గర దొరకబుచ్చుకోవాలి. సాధన బిట్లకు జవాబు అక్షరం తప్ప వివరణ లేదు. కాగితం పలచన, అచ్చు మాత్రం స్పష్టం. వెల 120 రూపాయలు. బిట్ల పరీక్ష ఒక్కటే రాసేవారు ఆ డబ్బుకు వెనుకాడకుండా కొనవచ్చు.