పాల బిల్లుకు ఏది మేలు: డబులా, పైసల లాంగా, బిగ్‌డెసిమలా?

చిత్తూరు పక్క పల్లెలో పాలకేంద్రానికి జావాలో బిల్లింగ్ రాస్తున్నారనుకుందాం. రైతు పొద్దున 4.350 లీటర్లు పోశాడు, ఆ ఫ్యాట్‌కు లీటరు ధర 38.70 రూపాయలు. లెక్క ప్రకారం రావాల్సింది 168.345. తగవంతా ఆ చివరి అర పైసా దగ్గరే.

దశాంశ సంఖ్యలను బైనరీలో దాచే జావా రకం డబుల్. దాన్ని ముందే పక్కన పెట్టేయొచ్చు. 4.35 లాంటి సంఖ్య బైనరీలో సరిగ్గా ఇమడదు. 4.35ను 100తో గుణించి ప్రింట్ చేస్తే 434.99999999999994 వస్తుంది, పూర్ణసంఖ్యలు మాత్రమే పట్టే ఇంట్‌కు మారిస్తే 434 మిగులుతుంది. సగటు ఫ్యాట్ గ్రాఫుకు వాడుకోండి, డబ్బుకు వద్దు.

లాంగ్ అంటే ఇంట్ కంటే పెద్ద పూర్ణసంఖ్యల రకం. అందులో పైసలు, మిల్లీలీటర్లు దాచడం వేగం, సులువు. 4350ని 3870తో గుణిస్తే 1,68,34,500. వెయ్యితో భాగిస్తే 16834 పైసలు, అర పైసా మాయం. అందుకే భాగించే ముందు 500 కలుపుతారు, 16835 వస్తుంది. ఇక్కడే ఒక గుంట ఉంది. తప్పు ఎంట్రీని రద్దు చేయడానికి అదే లెక్కను మైనస్‌లో నడిపితే −16834 వస్తుంది, రైతు ఖాతాలో పైసా వేలాడుతూ ఉండిపోతుంది. ముందు ప్లస్‌లో లెక్కించి, గుర్తు తర్వాత మార్చాలి.

రెండో గుంట ఇంకా లోతు. 10,000 లీటర్ల ట్యాంకరుకు అదే ధర కట్టేటప్పుడు రెండు వేరియబుళ్లూ ఇంట్ అయితే, జవాబును లాంగ్‌లో వేసుకున్నా లాభం లేదు. గుణకారం ఇంట్‌లోనే దాని హద్దు దాటి పొంగిపోయి, 3,87,000 రూపాయలకు బదులు 452.94 రూపాయల బిల్లు వస్తుంది. ఎర్రర్ కూడా రాదు! రెండింటినీ లాంగ్‌గా పెట్టి, జావా 8 నుంచి ఉన్న మాథ్.మల్టిప్లైఎగ్జాక్ట్ వాడితే, లాంగ్ హద్దు కూడా దాటినప్పుడు ఎక్సెప్షన్ విసురుతుంది, అంటే తప్పు జరిగిందని చెప్పి ఆగుతుంది.

బిగ్‌డెసిమల్ దశాంశాలను దశాంశాలుగానే దాచే జావా క్లాసు. ఇది నిదానం, రాత కూడా ఎక్కువే. కానీ 168.345ను ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది, ఎటు సవరించాలో మీరే చెప్పాలి. సరిగ్గా సగం వస్తే పైకి సవరించే హాఫ్ అప్ అంటే 168.35, చివరి అంకె సరిసంఖ్య అయ్యే వైపు సవరించే హాఫ్ ఈవెన్ అంటే 168.34. ఏది వాడాలో కేంద్రం వాళ్లనే అడిగి రాసుకోండి, ప్రోగ్రామర్ తేల్చే విషయం కాదది. బిగ్‌డెసిమల్‌ను డబుల్ నుంచి కడితే పాత రోగం వెంటే వస్తుంది. స్ట్రింగ్ నుంచి, అంటే ‘38.70’ అని అక్షరాలుగా రాసిన దాని నుంచి కట్టండి. కూడికకు యాడ్ పిలిస్తే పాత విలువ మారదు, కొత్తది వస్తుంది. దాన్ని మళ్లీ వేరియబుల్‌లో వేసుకోకపోతే కూడిన మొత్తం పెరగదు. 168.3, 168.30 దశాంశ స్థానాలూ చూసే ఈక్వల్స్‌కు వేర్వేరు, విలువే చూసే కంపేర్‌టుకు ఒకటే. చివరి సున్నాలు తీసేయబోతే 100 రూపాయల బిల్లు మీద 1ఈ+2 (1 పక్కన రెండు సున్నాలు) అని అచ్చవుతుంది, అప్పుడు మామూలు అంకెల్లో రాసే టుప్లెయిన్‌స్ట్రింగ్ కావాలి. 100ను 3తో భాగిస్తే, రౌండింగ్ చెప్పనంతవరకు ఎక్సెప్షనే.

పాలకేంద్రానికి నా ఓటు బిగ్‌డెసిమల్‌కే. ధరల పట్టిక మారి మూడో దశాంశం వచ్చినా కోడ్ తిరగరాయక్కర్లేదు. రోజుకు రెండు పూటలు, కొన్ని వందల మంది రైతులు. ఆ మాత్రం లెక్కకు వేగం సమస్యే కాదు. యూనిట్లు ఎప్పటికీ మారవని తెలిసి, లక్షల వరుసలు కూడాల్సిన చోట లాంగ్ మేలు.

ఏది ఎంచుకున్నా దాన్ని ‘రొక్కం’ అనే ఒక్క క్లాసులో బయటి కోడ్ తాకలేని ప్రైవేట్, ఒకసారి పెట్టాక మారని ఫైనల్ ఫీల్డుగా దాచి, రౌండింగ్‌ను అక్కడ మాత్రమే రాయండి. ఉత్త లాంగ్‌లైతే మిల్లీలీటర్లకు పైసలు కలిపినా కంపైలర్ నోరెత్తదు. క్లాసు సిద్ధమయ్యాక మొదటి టెస్టుకు 168.345, దాని మైనస్, ఆ ట్యాంకరు లెక్క, ఈ మూడూ పెట్టండి.