బసకు నైవాషా, భోజనానికి కిసుము

కెన్యా సరస్సులు చూడబోయేవారికి నా సలహా ఇది: పడక నైవాషాలో, పళ్లెం కిసుములో. అయితే రెండు చోట్లా పళ్లెంలోకి వచ్చే చేప చాలావరకు ఎవరో తెచ్చి వదిలినదే.

నైరోబీలో మటాటూ వ్యాను ఎక్కితే రెండు గంటల్లో నైవాషా చేరవచ్చు. సరస్సు దక్షిణపు రోడ్డు పొడవునా డేరాల నుంచి ఖరీదైన లాడ్జీల దాకా బసలున్నాయి. రాత్రిళ్లు నీటిగుర్రాలు గడ్డి మేయడానికి ఒడ్డెక్కుతాయి కాబట్టి మేమున్న చోట కాపలాదారు తోడు లేకుండా గది దాటనివ్వలేదు. ఆ పద్ధతి నచ్చింది. పడవ బేరం మాత్రం నచ్చలేదు. ఒడ్డున చెప్పిన ధర నీళ్ల మీదికి వెళ్లాక పెరిగింది. ఎంతసేపు, ఎంత డబ్బు, లైఫ్ జాకెట్ ఉందా, అన్నీ ఎక్కేముందే తేల్చుకోండి.

గాలపు వేట సరదా కోసం 1929లో అమెరికా బ్లాక్ బాస్ చేపను ఈ సరస్సులో వదిలారు. 2001లో కామన్ కార్ప్, అంటే మన చెరువుల్లోని బంగారుతీగే, ఇక్కడ కనిపించింది. పదేళ్లు తిరిగేసరికి వలల్లో అదే ఎక్కువైంది. సరస్సుకు తనదంటూ ఉన్న ఒక చిన్న చేప 1962 తర్వాత ఎవరి కంటా పడలేదు. లాడ్జీలో పెట్టిన చేప వేపుడు చప్పగా ఉంది, పైగా ముళ్లు.

కిసుములో విక్టోరియా సరస్సు ఒడ్డున, డుంగా రేవు దగ్గర తిన్నదే అసలు భోజనం. టమాటా, ఉల్లి పులుసులో తిలాపియా, పక్కన ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్ద, సుకుమా ఆకుకూర. ఈ నైల్ తిలాపియా కూడా వలస వచ్చినదే, మన జిలేబీ చేపకు చుట్టం. స్థానిక ఎంగేగే తిలాపియా ప్రధాన సరస్సులో దాదాపు కనుమరుగైంది. 1950ల నుంచి వదిలిన నైల్ పెర్చ్‌ది మన పండుగప్ప వంశమే. రెండూ లేటస్ ప్రజాతివే. రుచిలో మాత్రం పండుగప్పదే పైచేయి. పెర్చ్ విజృంభణ తర్వాత 500కు పైగా ఉన్న సిక్లిడ్ (తిలాపియా కుటుంబపు చేపలు) జాతుల్లో సుమారు 200 మాయమయ్యాయని అంచనా. పెర్చ్ కండ విదేశాలకు ఎగుమతి అవుతుంది, తలలూ ఎముకల గూళ్లూ స్థానికులు వేయించుకు తింటారు. ఇది చూశాక నాకు పెర్చ్ సహించలేదు. వేలెడంత వెండి రంగు ఒమేనా సరస్సు సొంత చేప. ఎండబెట్టి వేయించిన ఒమేనాకే నా ఓటు.

మార్కెట్లో చైనా నుంచి దిగుమతైన తిలాపియా చవకగా దొరుకుతుంది. తాజా చేప కావాలంటే పడవలు ఒడ్డుకు చేరే వేళకు రేవుకే వెళ్లండి. గుర్రపుడెక్క పేరుకున్న రోజుల్లో పడవలు కదలలేవు, షికారు పెట్టుకోకండి. శాకాహారులకు బెంగ లేదు, ఊళ్లో భారతీయ కుటుంబాలు పాతకాలం నుంచీ ఉన్నాయి.

కిసుము మ్యూజియంలోని అక్వేరియం చిన్నదే అయినా చూడదగ్గది. ఓపిక ఉంటే కారు మాట్లాడుకుని యాలా చిత్తడిలోని కాన్యబోలి సరస్సుకు వెళ్లండి. పెర్చ్ చేరని ఆ నీళ్లలో ఎంగేగే ఇంకా బతికే ఉంది. తాగునీళ్లు, తిండి వెంట ఉంచుకోండి.