తల్లిదండ్రుల్ని బడికి దగ్గర చేయాలంటే ఏది మేలు: మీటింగా, మెసేజా, ఇంటికి వెళ్లడమా?

పేరెంట్స్ మీటింగ్ రోజున ముందు వరసలో ఎవరు కూర్చుంటారో టీచర్లకు ముందే తెలుసు. బాగా చదివే పిల్లల అమ్మానాన్నలు. ఎవరితో మాట్లాడదామని మీటింగ్ పెట్టారో వాళ్లు మాత్రం రారు. ఆ సాయంత్రం స్టాఫ్‌రూంలో ఎవరో ఒకరు అననే అంటారు, 'వాళ్లకు పిల్లల చదువు పట్టదండీ' అని. నేను ఒప్పుకోను. పని మానుకుంటే ఆ రోజు జీతం పోయేవాళ్లుంటారు. చంటిపిల్లను ఎవరికి అప్పగించి రావాలో తెలియనివాళ్లుంటారు. చిన్నప్పుడు బడిలో తిన్న దెబ్బలు తప్ప ఇంకేమీ గుర్తులేనివాళ్లకు ఆ గేటు దాటి లోపలికి రావడమే ఓ టెన్షన్.

తల్లిదండ్రులు పిల్లల చదువులో ఎందుకు కలగజేసుకుంటారు, ఎందుకు దూరంగా ఉండిపోతారు అన్నదాన్ని క్యాథ్లీన్ హూవర్-డెంప్సీ, హోవర్డ్ శాండ్లర్ అనే అమెరికన్ పరిశోధకులు 1990లలో వివరంగా రాశారు. వాళ్లు చెప్పినదాన్ని మామూలు మాటల్లో పెడితే ముఖ్యంగా మూడు ప్రశ్నలవుతాయి. ఇది నేను చేయాల్సిన పనేనా, టీచర్లదా? నేను పూనుకుంటే నా పిల్లకు నిజంగా ఉపయోగం ఉంటుందా? అసలు నన్నెవరైనా రమ్మన్నారా? ఏ పద్ధతి మేలో తేల్చడానికి నాకు ఇంతకంటే మంచి కొలత కనిపించలేదు.

ముందు మీటింగ్ సంగతి. ఖర్చు లేదు, ఒక్క పూటలో అయిపోతుంది, పరీక్షల తేదీలూ కొత్త నిబంధనలూ అందరికీ ఒకేసారి చెప్పేయొచ్చు. కానీ సగం రోజు సెలవు పెట్టుకుని వచ్చిన తండ్రిని చూడండి. తన వంతు కోసం లైన్లో నిలబడి నిలబడి, చివరికి పిల్లలు కూర్చునే చిన్న బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చుంటాడు. టీచర్ రిజిస్టర్ తిప్పి, 'లెక్కల్లో బాగా వీక్ అండీ. ఇంట్లో కాస్త చూసుకోండి' అంటుంది. 'అలాగే మేడమ్' అని ఆయన లేస్తాడు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు మరి. ఏం చూసుకోవాలి? ఎలా చూసుకోవాలి? ఆ లెక్కలు ఆయనకు రావు. ఇంటికెళ్లి చేయగలిగింది పిల్లాణ్ని తిట్టడమే. మూడు ప్రశ్నల్లో పిలుపు ఒక్కటే అందింది, మిగతా రెండూ అలాగే ఉండిపోయాయి.

అలాగని మీటింగ్ దండగ అనను. పారిస్ పక్కనున్న క్రెతేయ్ ప్రాంతంలో 2008-09లో ఒక ప్రయోగం జరిగింది. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే మిడిల్ స్కూళ్లలో, లాటరీ తీసినట్టు ఎంచుకున్న కొన్ని తరగతుల తల్లిదండ్రులను విడతలవారీగా పిలిచి కూర్చోబెట్టారు. బడి ఎలా నడుస్తుంది, ఇంట్లో పిల్లలకు ఎలా తోడుండాలి అన్నదే అక్కడి మాట. చెప్పకుండా బడి ఎగ్గొట్టడం తగ్గింది, పిల్లల ప్రవర్తన మెరుగైంది. ఇంకా విశేషం, మీటింగులకు ముందుకు రాని తల్లిదండ్రుల పిల్లల్లో కూడా, అదే తరగతిలో ఉన్నందుకు, మార్పు కనిపించింది. అందరూ రాలేదే అని దిగులుపడే హెడ్మాస్టర్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది. అయితే మార్కులు చదివి వినిపించే మీటింగుకు ఈ ఫలితాలు వస్తాయనుకోవడం మాత్రం అత్యాశ.

ఇక మెసేజ్. చూడటానికి ఇంత చిన్న పనికి అంత బలం ఉంటుందని అనిపించదు. మాథ్యూ క్రాఫ్ట్, టాడ్ రోజర్స్ 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సబ్జెక్టు తప్పి వేసవిలో దాన్ని మళ్లీ చదువుతున్న అమెరికా హైస్కూల్ పిల్లల తల్లిదండ్రులకు వారానికొకసారి టీచర్ రాసిన ఒక్క వాక్యం పంపారు. ఆ ఒక్క పిల్లవాడి గురించే రాసిన వాక్యం. మెసేజ్ వెళ్లని ఇళ్లలో 15.8 శాతం పిల్లలు ఆ కోర్సు గట్టెక్కలేకపోతే, వెళ్లిన ఇళ్లలో 9.3 శాతమే ఆగిపోయారు. మధ్యలో మానేసేవాళ్లు తగ్గడమే దీనికి ముఖ్య కారణం. మరో సంగతి: పిల్లవాడు బాగా చేస్తున్నాడని మెచ్చుకున్న మెసేజ్‌లకంటే, ఏది సరిచేసుకోవాలో చెప్పినవి ఎక్కువ పనిచేశాయి.

ఎందుకు పనిచేస్తుందో ఒక ఉదాహరణ చూస్తే అర్థమవుతుంది. 'మీ బాబు ఈ వారం సైన్స్ హోంవర్క్ రెండుసార్లు తేలేదు. శుక్రవారంలోగా తెచ్చిస్తే మార్కులు వేస్తాను.' ఇంతే. ఇది చదివిన అమ్మకు సైన్స్ ఒక్క ముక్క రాకపోయినా ఏం చేయాలో తెలుసు. 'ఏరా, హోంవర్క్ అయిందా? ఏదీ, చూపించు' అని అడిగితే చాలు. తను అడిగింది కాబట్టి శుక్రవారం హోంవర్క్ బడికి చేరింది. నా వల్ల ఉపయోగం ఉంటుందా అన్న ప్రశ్నకు ఉపన్యాసాలతో రాని జవాబు ఇక్కడ వచ్చేసింది. 'మీ అబ్బాయి మీద శ్రద్ధ పెట్టండి' అని రాస్తే మాత్రం మళ్లీ ఆ బెంచీ దగ్గరి కథే.

తరగతికొక వాట్సాప్ గ్రూపు పెట్టి, 'మేమూ మెసేజ్‌లు పంపుతున్నాం' అనుకునే బళ్లు ఉన్నాయి. రెండింటికీ పోలికే లేదు. గ్రూపులో టీచర్ పెట్టిన ఒక్క సమాచారం కింద వరసగా 'థాంక్యూ మేడమ్'లు వచ్చిపడతాయి. అసలు సంగతి ఎక్కడో పైకి పోతుంది. అంతకంటే పెద్ద తప్పు, హోంవర్క్ తేనివాళ్ల పేర్లు అందరికీ కనపడేలా పెట్టడం. ఆ తర్వాత ఆ తల్లి గ్రూపు తెరవడమే మానేస్తుంది. చదవడం రానివాళ్లకు వాయిస్ మెసేజో, ఒక నిమిషం ఫోనో కావాలి. పెద్ద తరగతుల పిల్లలకు ఇది నిఘాలా అనిపించే ప్రమాదమూ ఉంది. పంపే ముందు 'ఈ మాట ఇంటికి రాస్తున్నాను' అని పిల్లవాడికి చెప్పడం మర్యాద. రోజూ పంపితే ఏదీ చదవరు. వారానికొకటి చాలు.

ఇంటికి వెళ్లడం వీటన్నిటికంటే కష్టమైన దారి. అమెరికాలోని శాక్రమెంటోలో 1998 నుంచి నడుస్తున్న పద్ధతిలో నాకు బాగా నచ్చిన నియమాలున్నాయి. ముందుగా అడిగి, సరేనంటేనే వెళ్లాలి. ఇద్దరు కలిసి వెళ్లాలి. అల్లరి పిల్లల ఇళ్లే ఏరుకోకూడదు. మొదటిసారి వెళ్లినప్పుడు మార్కుల ఊసు, ఫిర్యాదుల ఊసు ఎత్తకుండా 'మీ పాప గురించి మీకున్న ఆశ ఏమిటమ్మా?' అని అడిగి వినాలి. టీచరే గడప దాకా వచ్చి తన మాట కోసం కూర్చున్నప్పుడు, ఇది నా పనేనా అన్న సందేహం చాలావరకు తీరిపోతుంది. ఇంకే పద్ధతీ ఈ ప్రశ్నకు ఇంత బాగా జవాబివ్వలేదు. కానీ టీచర్ల సాయంత్రాలు దీనికే పోతాయి. దానికి బడి డబ్బో, మరో పనిలో వెసులుబాటో ఇవ్వకపోతే ఒక టర్మ్ తిరిగేసరికి ఆగిపోతుంది. ఇల్లు చిన్నదని మొహమాటపడే కుటుంబాలూ ఉంటాయి. వాళ్లకు పార్కులోనో లైబ్రరీలోనో కలుద్దామంటే సరి.

పిల్లవాడే తన నోట్‌బుక్ తెరిచి ఏం నేర్చుకున్నాడో అమ్మానాన్నలకు చెప్పే సమావేశాలు కూడా కొన్ని బళ్లలో పెడుతున్నారు. బాగుంటాయి. పిల్లవాడు స్వయంగా రమ్మని పిలిస్తే కాదనేవాళ్లు తక్కువ. తయారీకి మాత్రం వారాలు పడుతుంది.

ఏ దారిన పిలిచినా, వచ్చాక వాళ్లను ఏం చేయమంటున్నాం అన్నది ఇంకా ముఖ్యం. చాలా బళ్లు ఇక్కడే తప్పుతాయి. అడిగేది ఒక్కటే, 'హోంవర్క్ దగ్గరుండి చేయించండి' అని. మిడిల్ స్కూల్ వయసు పిల్లలపై వచ్చిన 50 అధ్యయనాలను నాన్సీ హిల్, డయానా టైసన్ అనే పరిశోధకులు 2009లో కలిపి చూస్తే, హోంవర్క్‌లో చేసే సాయానికి మార్కులతో మంచి సంబంధం నిలకడగా కనిపించలేదు. చదువు ఎందుకో, ముందు ముందు ఏం కావాలనుకుంటున్నావో పిల్లలతో మాట్లాడటానికే అన్నిటికంటే ఎక్కువ సంబంధం కనిపించింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ హోంవర్క్‌లో వేలుపెడితే, చిన్న తరగతుల పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారని 2015లో మరో అధ్యయనం చెప్పింది. చదువు రాని తల్లికి ఇది పెద్ద ఊరట కావాలి. తను చేయలేని పని కోసం మథనపడక్కర్లేదు. చేయగలిగినదే ఎక్కువ విలువైనది.

ఒకటే ఎంచుకోమంటే నా ఓటు మెసేజ్‌కే. ఒక టీచర్ తనంతట తానుగా, ఎవరి అనుమతీ నిధులూ లేకుండా, వచ్చే సోమవారమే మొదలుపెట్టగలిగేది అదొక్కటే. వారం వారం అందరికీ రాయలేకపోతే తరగతిని నాలుగు భాగాలు చేసి వారానికో భాగానికి రాయొచ్చు. మూడు నాలుగు మెసేజ్‌లకూ ఒక ఫోనుకూ ఉలుకూ పలుకూ లేని ఇళ్లు కొన్ని మిగులుతాయి. ఇంటికి వెళ్లే ఓపికంతా వాటికోసం దాచుకోవాలి. అయితే మెసేజ్‌లకు పలకని ఇళ్లకే వెళ్తున్నారన్న మాట పిల్లల్లో పాకకుండా, మధ్యలో ఒకటి రెండు ఇతర ఇళ్లకూ వెళ్లడం మంచిది. మీటింగ్ ఏడాదికి రెండుసార్లు చాలు, అదీ పని దిగివచ్చేవాళ్లకు వీలయ్యే వేళలో, చిన్నపిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చని ముందే చెప్పి. మార్కుల కాగితం ముందురోజే ఇంటికి పంపేస్తే, వచ్చినవాళ్లతో మాట్లాడటానికి సమయం మిగులుతుంది.